కలలో ఎరుక రావాలంటే ముందు కల గుర్తుండాలి

కల కంటూ ఉండగానే ఇది కల అని తెలియడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. ఆ ఎరుక వచ్చాక కల మీద కొంత పట్టు కూడా దొరకవచ్చు. భయపడి పరుగెత్తుతున్నవాళ్లు ఆగి వెనక్కి తిరగొచ్చు, ఎగరాలనుకున్నవాళ్లు ఎగరొచ్చు, పీడకలను సగంలోనే ఆపొచ్చు. ఇంత ఆకర్షణ ఉన్న విద్య కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా చిట్కాల మీద పడతారు. అర్ధరాత్రి అలారం పెట్టుకుంటారు, ఇది కలా అని రోజుకు పదిసార్లు అరచెయ్యి చూసుకుంటారు, ఫోన్లో యాప్‌లు వేసుకుంటారు. వారం తిరిగేసరికి ఏమీ జరగలేదని వదిలేస్తారు. ఈ అధ్యాయం వాళ్లకు చెప్పేది ఒక్కటే: మొదటి నెల రోజులూ మీ సాధన మొత్తం కలల డైరీయే కావాలి. మిగతా పద్ధతులన్నీ ఆ డైరీ మీద ఆధారపడి ఉన్నాయి. అది లేకుండా వాటిని చేస్తే ఫలితం రాదు, వచ్చినా వచ్చినట్టు తెలియదు.

ఈ మాటను హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ పాఠకులకు మరీ గట్టిగా చెప్పాలి. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా ఏ గల్లీలోకి తిరిగినా హాస్టల్ బోర్డులే. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు, డీఎస్సీ కోచింగ్‌ల కోసం, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన యువత ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. స్టడీ హాళ్లలో రాత్రి పొద్దుపోయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం వైపు వెళ్లే ఉద్యోగులకు పొద్దున్నే ఉరుకులు. రింగ్ రోడ్డు మీద విజయవాడ, నల్గొండ, ఖమ్మం బస్సుల హారన్లు తెల్లవారక ముందే మొదలవుతాయి. ఇక్కడ ఏ పని పెరిగినా కోత పడేది నిద్రకే. లూసిడ్ డ్రీమింగ్ మీద పరదేశాల్లో వచ్చిన పుస్తకాలు చాలావరకు సొంత గది, చప్పుడు లేని తెల్లవారుజాము, ఆలస్యంగా లేచే వీలున్న శని, ఆదివారాలు ఉన్న మనిషి కోసం రాసినవి. అందులోని టైంటేబుల్‌ను ఐదు మంచాల గదిలోకి తెచ్చుకుంటే మీ నిద్రతో పాటు పక్కవాళ్ల నిద్ర కూడా పోతుంది. నోటుబుక్కు, పెన్ను మాత్రం ఆ గదిలో కూడా ఇముడుతాయి.

కల ఎందుకు జారిపోతుంది

కల మరిచిపోవడం మీ ఒక్కరి లోపం కాదు, నిద్ర నడిచే తీరే అంత. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు చురుగ్గా కదిలే దశ ఒకటి ఉందని చూపారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నాం. 1957లో క్లైట్‌మన్, విలియం డిమెంట్ కలిసి చేసిన ప్రయోగంలో రెమ్ నిద్ర మధ్యలో లేపినప్పుడు పాల్గొన్నవాళ్లు నూటికి 80 సార్లు కల చెప్పగలిగారు. మిగతా దశల్లో లేపితే నూటికి 7 సార్లే చెప్పగలిగారు. రెమ్ దశ ముగిశాక కొద్ది నిమిషాలు ఆగి లేపితే వివరాలు చాలావరకు చెదిరిపోతాయని కూడా ఆ దశకంలోనే తేలింది. 2019లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనలో, రెమ్ నిద్రలో పనిచేసే ఒకరకం నాడీకణాలు జ్ఞాపకాలు నిలవకుండా అడ్డుపడతాయని కనుగొంది. ఎలుకల సంగతి మనుషులకు యథాతథంగా వర్తిస్తుందని అనలేం. అయినా ఇవన్నీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టం. కల గుర్తుండాలంటే మీరు లేచిన తొలి నిమిషాల్లోనే ప్రయత్నం జరగాలి. పళ్లు తోముకున్నాక గుర్తు చేసుకుందాం, టిఫిన్ బండి దగ్గర ఆలోచిద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. కిరాణా కొట్టు పద్దు లాగే కలను కూడా అప్పటికప్పుడు రాసుకోవాల్సిందే.

రెండో సంగతి, రెమ్ నిద్ర రాత్రంతా ఒకే పాళ్లలో ఉండదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తులుగా సాగుతుంది. మొదటి ఆవృత్తిలో రెమ్ దశ కొద్ది నిమిషాలే. తెల్లవారేకొద్దీ అది పెరిగి అరగంట దాకా వెళ్తుంది. రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే మనిషికి రెమ్ నిద్రలో పెద్ద వాటా చివరి రెండు మూడు గంటల్లోనే వస్తుంది. ఆ మనిషే ఐదింటికి లేస్తే పోయేది నిద్రలో పావు వంతే, కానీ కలల్లో పోయేది అంతకంటే చాలా ఎక్కువ. ఒంటి గంట దాకా చదివి ఐదున్నరకు లేచేవాళ్లు "నాకు కలలే రావు" అంటే ఆశ్చర్యమేమీ లేదు. వాళ్లకు మొదటి మందు డైరీ కంటే ముందు మరో గంటన్నర నిద్ర. కలల డైరీని నిద్ర తగ్గించే పనిగా ఎవరైనా చెబితే నమ్మకండి. సరిగ్గా రాస్తే అది నిద్రను లెక్కలోకి తెస్తుంది. ఏ రోజు ఎన్ని గంటలు పడుకున్నారో, ఏ రోజు కల గుర్తుందో పక్కపక్కన చూసుకున్న మనిషి నిద్రను చులకన చేయలేరు.

అసలు కలలో ఎరుక అన్నది నిజమేనా, లేచాక కల్పించుకుని చెబుతున్నారా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో దొరికింది. రెమ్ నిద్రలో ఒళ్లంతా కదలిక లేకుండా సడలిపోయి ఉన్నా కనుగుడ్లు కదులుతాయి కాబట్టి, కల అని తెలియగానే కళ్లను ముందే అనుకున్న తీరులో అటూ ఇటూ తిప్పమని పరిశోధకుడు కీత్ హెర్న్ తన ప్రయోగంలో పాల్గొన్న అలన్ వర్స్‌లీకి చెప్పారు. యంత్రం మీద నిద్ర గీతలు నడుస్తుండగానే ఆ సంకేతం నమోదైంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఇదే మార్గంలో స్వతంత్రంగా చేసిన ప్రయోగాలను 1981లో ప్రచురించారు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు కలిసి, కలలో ఎరుకతో ఉన్నవాళ్లను చిన్న చిన్న లెక్కలు అడిగి కనుసైగల ద్వారా జవాబులు రాబట్టాయి. కాబట్టి ఇది నిజం. అయితే ఈ ప్రయోగాలన్నిటిలోనూ పాల్గొన్నవాళ్లు లేచాక తమ కలను గుర్తు చేసుకుని చెప్పాల్సే వచ్చింది. యంత్రం సంకేతాన్ని పట్టుకుంది, ఆ కలలో ఏం జరిగిందో మాత్రం జ్ఞాపకం నుంచే తెలిసింది. మీ గదిలో యంత్రం లేదు. మీకున్న సాక్ష్యం జ్ఞాపకం ఒక్కటే.

ముందు పుస్తకం, తర్వాత ఎరుక

డైరీ ముందు, ఎరుక తర్వాత అన్న వరుసకు చరిత్రలో బలమైన ఉదాహరణ ఫ్రాన్స్‌కు చెందిన హెర్వే ద సాం దెనీది. ఆయన తర్వాతి కాలంలో పారిస్‌లో చైనా భాషా సాహిత్యాల ఆచార్యుడయ్యారు. 13 ఏళ్ల వయసులో కలలు రాయడం, వాటికి బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. మొదట్లో చాలా రోజులు ఖాళీ పేజీలే ఉండేవి. కొన్ని నెలలకు ఖాళీ లేకుండా రాయగలిగారు. 1867లో వెలువరించిన పుస్తకంలో ఆయన తన 22 నోటుబుక్కుల్లో 1,946 రాత్రుల కలలు ఉన్నాయని చెప్పారు. ఇది కల అన్న ఎరుక తొలిసారి వచ్చింది 207వ రాత్రి. ఆ తర్వాత అది తరచుగా రావడం మొదలై, ఏడాది దాటాక దాదాపు అలవాటైపోయింది. ఆయనకు గురువు లేడు. రోజూ రాయడం వల్ల మనసు కలల మీద ధ్యాస పెట్టింది. ఆ ధ్యాస చివరికి కలలోకే వెళ్లింది. ఒక్క మనిషి అనుభవాన్ని శాస్త్రం అనలేం, నిజమే. అందుకే ఇప్పటి లెక్కలు కూడా చూడాలి.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో డెన్‌హామ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో 169 మంది పాల్గొన్నారు. మొదటి వారం వాళ్లకు ఏ చిట్కా చెప్పలేదు, కలలను నమోదు చేయడమే పని. రెండో వారంలో మూడు పద్ధతులను కలిపి పాటించిన 47 మందికి దాదాపు 17 శాతం ప్రయత్నాల్లో ఎరుకతో కూడిన కల, అంటే ఎరుక కల, వచ్చింది. ఆయనే 355 మందితో చేసి 2020లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఎవరికి ఫలితం ఎక్కువ వచ్చిందని చూస్తే రెండు లక్షణాలు ముందు తేలాయి: మామూలుగానే కలలు బాగా గుర్తుండటం, కలను గుర్తుపడతానని సంకల్పించుకున్నాక పది నిమిషాల్లోపే తిరిగి నిద్రపట్టడం. రెండోది మన చేతిలో అంతగా లేదు. మొదటిది డైరీతో పెరుగుతుంది, ముఖ్యంగా ఇప్పటిదాకా కలలు తక్కువగా గుర్తున్నవాళ్లలో. లబెర్జ్ 1980లో వివరించిన ప్రసిద్ధ పద్ధతి కూడా ఇదే చెబుతుంది. కల నుంచి మెలకువ రాగానే ఆ కలను పూర్తిగా గుర్తు చేసుకోవాలి, తర్వాత "ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను" అని సంకల్పించుకోవాలి, ఆ కలలోనే ఎరుకతో ఉన్నట్టు ఊహించుకుంటూ నిద్రలోకి జారాలి. మొదటి మెట్టే కల గుర్తుండటం. అది రానివాళ్లు రెండో మెట్టు మీద ఎంత కష్టపడినా ఏం లాభం?

మన కావ్యంలో ఒక కల

కలను లేచిన పూటే మాటల్లో పెట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 16వ శతాబ్దం మొదట్లో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో తన కలనే కావ్యానికి కారణంగా చెప్పారు. కళింగ దండయాత్రకు వెళ్తూ ఆయన కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆగారు. ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి నాలుగో జామున ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. రాయలు ఆ రూపాన్ని మేని ఛాయ, కళ్లు, పట్టుబట్ట, కౌస్తుభం ఇలా వరుసగా చెబుతారు. లేచిన ఉదయమే పండితులను పిలిపించి కలను వినిపిస్తారు. కావ్యావతారికలో కల చెప్పడం సంప్రదాయమే. అంతకుముందు తిక్కన కూడా విరాటపర్వం అవతారికలో తన కలను చెప్పారు. కాబట్టి వీటిని ప్రయోగశాల రికార్డులుగా చదవనక్కర్లేదు. అయినా అందులోని క్రమం గమనించదగ్గది. కల వచ్చింది రాత్రి చివరి జాములో, రెమ్ నిద్ర ఎక్కువగా ఉండే వేళ. చెప్పింది ఆ ఉదయమే. చెప్పిన తీరు వివరాల వరుసగా ఉంది, సారాంశంగా లేదు. భాగవతంలో ఉషకు కలలో కనబడిన యువకుడెవరో తెలియనప్పుడు చిత్రలేఖ ఒక్కొక్కరి బొమ్మా గీసి చూపిస్తుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష గుర్తుపడుతుంది. మాటల్లో రాని కలను బొమ్మతో పట్టుకోవచ్చన్న ఆలోచన మన కథల్లో అప్పటికే ఉంది. డైరీలో మాట అందనప్పుడు ఒక గీత గీయండి, గది ప్లాన్ వేయండి, అది కూడా రాతే.

పేజీ ఎలా రాయాలి

నోటుబుక్కు దిండు పక్కన ఉండాలి, బ్యాగులో కాదు. పడుకునే ముందు ఆ రోజు తేదీ, పడుకున్న టైము రాయండి. పేజీ తెరిచి పెట్టడమే మనసుకు ఒక సూచన. "పొద్దున లేవగానే కల గుర్తు చేసుకుంటాను" అని నెమ్మదిగా రెండు మూడు సార్లు అనుకుని పడుకోండి. మెలకువ రాగానే కదలకండి, కళ్లు తెరవకండి, ఫోన్ వైపు చెయ్యి చాపకండి. ఇప్పుడు నా మనసులో ఏముంది అని అడగండి. ఒక ముఖం కావచ్చు, ఒక చోటు కావచ్చు, ఊరికే దిగులు కావచ్చు. ఆ కొసను పట్టుకుని, దానికి ముందు ఏం జరిగింది, అంతకుముందు ఏం జరిగింది అని వెనక్కి వెళ్లండి. ఏమీ రాకపోతే మామూలుగా మీరు పడుకునే మరో పక్కకు మెల్లగా తిరిగి మళ్లీ ఒకసారి చూడండి. ఆ తర్వాతే పెన్ను తీసుకుని ముందు నాలుగైదు ముక్కలు రాయండి: మనిషి, చోటు, వస్తువు, భావం. ఆ ముక్కలు పేజీ మీద ఉంటే పూర్తి కథ టీ తాగాక రాసినా నడుస్తుంది.

ఐదు మంచాల గదిలో లైటు వేయడం కుదరదు. చీకట్లోనే రాయొచ్చు. ఎడమచేతి బొటనవేలు గీత మొదట్లో ఆనించి, పంక్తి అయ్యాక వేలిని కిందికి జరుపుతూ పెద్ద అక్షరాలతో రాస్తే పొద్దున చదవడానికి వీలుగానే ఉంటుంది. పక్క మంచం మీదివాళ్ల అలారం నాలుగున్నరకే మోగి మీకు మెలకువ వచ్చిందనుకోండి. అప్పుడు విసుక్కోవడం సహజం. కానీ అది రెమ్ నిద్ర ఎక్కువగా ఉండే వేళ కాబట్టి మీకు కల అందే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. నాలుగు ముక్కలు రాసుకుని మళ్లీ పడుకోండి. ఇలా అనుకోకుండా వచ్చే మెలకువలు చాలు. మొదటి నెలలో వాటి కోసం ప్రత్యేకంగా అలారం పెట్టుకోవద్దు.

పేజీ ఎలా ఉండాలో చూపడానికి ఒక నమూనా: "మంగళవారం. 5.10. పేరు: హాల్ టికెట్. చైతన్యపురి మెట్రో మెట్లు ఎక్కుతున్నాను. పైన ప్లాట్‌ఫాం లేదు, మా ఊరి హైస్కూల్ వరండా ఉంది. ఇన్విజిలేటర్ మా చిన్నాన్న. హాల్ టికెట్ మీద నా పేరే ఉంది. మళ్లీ చూస్తే వేరేవాళ్ల పేరు. భయం లేదు, సిగ్గుగా ఉంది. చెప్పులు లేవు." ఇంతే. వర్తమానంలో రాశారు, అర్థం చెప్పలేదు, భావం రాశారు, పేరు పెట్టారు. దీనికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఇందులో పరీక్ష భయం ఉందని, చిన్నాన్న అధికారానికి గుర్తు అని విశ్లేషణ రాయడం మొదలుపెడితే కల పక్కకు పోయి మీ ఊహ ముందుకొస్తుంది. జరిగింది జరిగినట్టు రాయడమే ఈ దశలో పని. ఏమీ గుర్తులేని రోజున కూడా పేజీ ఖాళీగా వదలొద్దు. "ఏమీ లేదు, కానీ లేచేటప్పుడు హడావిడిగా అనిపించింది" అని రాయండి. ఆ ఒక్క పంక్తి అలవాటును నిలబెడుతుంది.

పేజీల నుంచి గుర్తులు

ఆదివారం ఒక పావుగంట కూర్చుని వారం పేజీలన్నీ చదవండి. మెలకువలో జరగడానికి వీల్లేనివాటి కింద గీత గీయండి. పై నమూనాలో అలాంటివి నాలుగున్నాయి: ఒక చోటు ఇంకో చోటికి తెరుచుకోవడం, తెలిసిన మనిషి వేరే పనిలో కనబడటం, రాసిన అక్షరాలు మారిపోవడం, చెప్పులు లేకుండా బయటికి రావడం. చివరిది మెలకువలోనూ జరగొచ్చు గానీ, ఒకే మనిషి కలల్లో పదేపదే వస్తుంటే అది కూడా గుర్తే. మూడు నాలుగు వారాలకు మీ కలలకే ప్రత్యేకమైన ఇలాంటి కల గుర్తులు తేలతాయి. వీటిని మరొకరి పుస్తకంలోంచి అరువు తెచ్చుకోలేం. ఒకరికి చనిపోయిన తాత కనబడతారు, ఇంకొకరికి ఎప్పుడో వదిలేసిన ఇంటర్ లెక్కల పరీక్ష మళ్లీ వస్తుంది, మరొకరు ఎక్కిన బస్సు ఎప్పటికీ దిగాల్సిన స్టాపుకు చేరదు. మీ జాబితా మీ చేతిరాతలోనే ఉంటుంది. డైరీ ఇచ్చే ఫలాల్లో ఇది అన్నిటికంటే విలువైనది.

నెల నిండి గుర్తులు దొరికాక పగలు చేసే పరీక్షకు అర్థం వస్తుంది. అరచెయ్యి చూసుకుంటూ ఇది కలా అని గంటకోసారి యాంత్రికంగా అడిగితే కలలో కూడా అంతే యాంత్రికంగా అడిగి, కాదులే అనుకుని సాగిపోతారు. మీ కలల్లో అక్షరాలు మారుతుంటాయని తెలిస్తే దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో 107 నంబరు బస్సు బోర్డు చదివినప్పుడల్లా చూపు మరల్చి మళ్లీ చదవండి. మెలకువలో అది అలాగే ఉంటుంది, కలలో సాధారణంగా మారిపోతుంది. మీ కలల్లో మెట్రో స్టేషన్లు వస్తుంటే టికెట్ గేటు దాటే ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇక్కడికి ఎలా వచ్చాను, ఇంతకుముందు ఎక్కడున్నాను అని నిజంగా గుర్తు చేసుకోండి. కలలో ఈ ప్రశ్నకు సాధారణంగా జవాబు దొరకదు, అప్పుడే ఎరుక కలగడానికి వీలుంటుంది. రోజూ వెళ్లే దారిలోనే, వేరే సమయం పెట్టకుండా చేయగల సాధన ఇది.

అభ్యంతరాలు, జవాబులు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు మొదట అడిగేది టైము గురించి. కరెంట్ అఫైర్స్‌కే టైము చాలని చోట కలలు రాయడం విలాసం కాదా? రోజుకు ఐదు నిమిషాలు, ఆదివారం పావుగంట కలిపితే వారానికి గంట కూడా కాదు. అంతకంటే ముఖ్యం, ఈ సాధన కోరేది మీకు ఎలాగూ అవసరమైన నిద్రనే. నిద్ర తగ్గితే చదివింది నిలవడం కూడా కష్టమే. పరీక్ష నెలలో పూర్తి పేజీ రాయలేకపోతే పేరు, ఒక్క పంక్తి చాలు. అదీ కుదరకపోతే ఆపి, పరీక్షయ్యాక మొదలుపెట్టండి. నష్టమేమీ లేదు.

ఫోన్లోనే రాసుకుంటే తేలిక కదా అన్నది రెండో మాట. ఫోన్ తెరిస్తే ముందు కనబడేది కల కాదు, రాత్రి వచ్చిన మెసేజ్‌లు. ఒక్క నోటిఫికేషన్ చదివితే చాలు, కల చెదిరిపోతుంది. తెర వెలుతురుకు పక్కవాళ్లు లేస్తారు, మాట రికార్డు చేస్తే మరీను. తప్పనిసరైతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వాడండి. మూడోది గుట్టు. హాస్టల్లో నోటుబుక్కు ఎవరి చేతిలోనైనా పడొచ్చు, కలల్లో ఎవరైనా రావచ్చు. అందుకే పేర్ల బదులు పొడి అక్షరాలు వాడండి, సొంత గుర్తులు పెట్టుకోండి, పగలు పెట్టెలో తాళం వేసి ఉంచండి. ఎవరైనా చదువుతారన్న భయంతో కలను మార్చి రాస్తే ఆ డైరీ పనికిరాదు.

ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం వేరు. తెల్లవారుజాము కల నిజమవుతుందని, చెడ్డ కల బయటికి చెప్పకూడదని మన ఇళ్లలో నమ్మకం. పాము కనబడితే ఒక ఫలం, పళ్లు ఊడితే ఒక ఫలం అని పంచాంగాల్లో, చిన్న పుస్తకాల్లో చదువుతుంటాం. ఈ నమ్మకంతో డైరీ రాస్తే ప్రతి పేజీ ఒక బెంగ అవుతుంది. చరక సంహిత ఇంద్రియస్థానం దీన్ని ఎంతో నిదానంగా చూసింది. కలలను ఏడు రకాలు చేసి, చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించినవి అనే మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలంది. మీ డైరీలో వచ్చే కలల్లో అత్యధికం ఈ ఐదులోకే వస్తాయి: నిన్న చూసిన సినిమా, విన్న వార్త, పడ్డ తిట్టు, కోరుకున్న ఉద్యోగం, భయంతో ఊహించుకున్న ఓటమి. రెండు నెలల పేజీలు చేతిలో ఉంటే తెల్లవారుజాము కలలు ఎన్ని నిజమయ్యాయో మీరే చూసుకోవచ్చు. నమ్మకాన్ని తిట్టాల్సిన పని లేదు, పేజీలు తిరగేస్తే చాలు.

పీడకలలు రాస్తే అవి ఇంకా పెరుగుతాయేమో అన్న భయం గౌరవించదగ్గది. అమెరికాలో బ్యారీ క్రాకో బృందం 2001లో ప్రచురించిన వైద్య పరీక్షలో, లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న స్త్రీలకు పీడకలను తమకు నచ్చినట్టు మార్చుకుని, ఆ మార్చిన కలను పగలు మనసులో మననం చేయడం నేర్పారు. వాళ్లలో పీడకలలు తగ్గాయి. అంటే కలను ఎదురుగా పెట్టుకుని చూడటం దానికదే హాని కాదు. కానీ అది నిపుణుల పర్యవేక్షణలో జరిగిన చికిత్స. పెద్ద దెబ్బ తగిలిన అనుభవం పదేపదే కలలోకి వస్తుంటే ఒంటరిగా నోటుబుక్కుతో తలపడకండి. మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడొచ్చు.

ఎవరు ఆగాలి, ఎంత ఆశించాలి

కొందరు ఈ సాధన మొదలుపెట్టకపోవడమే మంచిది. నిజానికీ ఊహకూ మధ్య గీత చెరిగిపోయే మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, ఇప్పటికే సరిగ్గా నిద్రపట్టనివాళ్లు వైద్యుల సలహా లేకుండా ఇందులోకి దిగొద్దు. ఇజ్రాయెల్ పరిశోధకురాలు నిరిత్ సోఫర్-దూదెక్ 2020లో ఇదే హెచ్చరిక చేశారు. ఎరుక కలల కోసం వాడే పద్ధతులు నిద్రను ముక్కలు చేస్తాయేమో, కలకూ మెలకువకూ మధ్య హద్దును పలచన చేస్తాయేమో చూడాలని ఆమె వాదన. ఆ వాదనను తోసిపుచ్చలేం. డైరీతోనే మొదలుపెట్టమనడానికి అది కూడా ఒక కారణం. అన్ని పద్ధతుల్లోకీ నిద్రను తక్కువగా కదిలించేది ఇదే. డైరీ రాస్తున్నప్పుడు పగలు కూడా మనసు కలల్లోనే తిరుగుతున్నట్టు, చుట్టూ ఉన్నది నిజమేనా అని నిజంగానే అనుమానం వస్తున్నట్టు అనిపిస్తే వెంటనే మానేయండి.

ఎంత ఆశించాలో కూడా ముందే తెలిసి ఉండాలి. 2016లో యాభై ఏళ్ల అధ్యయనాలను కలిపి లెక్క కట్టినప్పుడు, సుమారు 55 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా ఎరుక కల కన్నారని, నెలకొకసారో అంతకన్నా ఎక్కువో కనేవాళ్లు 23 శాతమని తేలింది. అంటే ఇది అసాధ్యమూ కాదు, అందరికీ రోజూ వచ్చేదీ కాదు. ఏ పద్ధతీ కచ్చితంగా, ప్రతిసారీ పనిచేస్తుందని నిరూపణ కాలేదని 2012 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. పది రోజుల్లో గ్యారంటీ అనేవాళ్లకు డబ్బు కట్టకండి. డైరీకి మాత్రం ఎరుక కల రాకపోయినా ఫలితం ఉంటుంది. కలలు గుర్తుండటం పెరుగుతుంది, నిద్ర లెక్క తెలుస్తుంది, మనసు దేని చుట్టూ తిరుగుతోందో మీ చేతిరాతలో కనబడుతుంది.

కాబట్టి ఈ రాత్రే మొదలుపెట్టండి. పక్కన పెన్ను, నోటుబుక్కు పెట్టుకోండి, మామూలుకన్నా అరగంట ముందు పడుకోండి, పొద్దున కదలకుండా ఒక్క నిమిషం ఉండి నాలుగు ముక్కలు రాయండి. 30 రోజులు మరే పద్ధతీ ముట్టుకోవద్దు. 30 పేజీలు నిండి, అందులో మీ కల గుర్తులు రెండో మూడో తేలిన రోజున తర్వాతి అధ్యాయానికి రండి. అప్పటిదాకా దాని అవసరం మీకు లేదు.